ఉత్తరము రాని నాలుగు నెలలు

పఠింపవలసిన భాగములు: నెహెమ్యా 1:1–11, 2:1–9, 1 రాజులు 8:17–19, 1 దినవృత్తాంతములు 22:1–5.

భిలాయి ఉక్కు నగరములో ఎదురుచూచుట క్రొత్త సంగతి కాదు. కర్మాగార నిర్మాణమునకై భారత, సోవియట్ ప్రభుత్వములు 1955 ఫిబ్రవరి 2న ఒడంబడిక చేసికొనినవి. మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైనది 1959 ఫిబ్రవరి 4న. సంతకమునకును ఇనుమునకును మధ్య నాలుగేండ్లు గడచినవి. ఉత్తర కోస్తా జిల్లాలనుండి పనికై వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకము అచ్చటనే స్థిరపడినవి. తాతలు కొలిమియొద్ద చెమటోడ్చిరి. మనుమలు, మనుమరాండ్రు పుస్తకములు చేతపట్టిరి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు మంజూరైన ఐ.ఐ.టి. కూడ 2016లో భిలాయి పేరనే ఏర్పడినది. కావున నేడు ఆ సెక్టారుల క్వార్టర్లలో మరియొక విధమైన ఎదురుచూపు కనబడుచున్నది. అది విదేశపు పరిశోధనా వేతనమునకు దరఖాస్తు పంపి, ఫలితముకొరకు కనిపెట్టుట.

ఈ కనిపెట్టుట ఎట్టిదో ఎరుగనివారికొరకు ఒక ఉదాహరణము చెప్పుదుము. 1950లో మన దేశము అమెరికాతో చేసికొనిన ఒప్పందమువలన ఫుల్‌బ్రైట్ వేతనములు ఇచ్చట ఆరంభమైనవి. 2008లో ఉభయ ప్రభుత్వములు క్రొత్త ఒప్పందము చేసికొనగా వాటికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ అను పేరు కలిగెను. దరఖాస్తుదారుడు తన పరిశోధనను వివరించి వ్రాయవలెను. అతని నెరిగిన పండితులు సిఫారసులు పంపవలెను. నిపుణులు వాటిని పరిశీలించి, కొందరిని ఇంటర్వ్యూకు పిలుతురు. ఆ మీదట అమెరికాలోని బోర్డు కడపటి ఎంపిక చేయవలెను. ఇందుకు నెలలు పట్టును. 2025 జూన్‌లో ఆ బోర్డు సభ్యులు దాదాపు అందరును రాజీనామా చేసిరి. తాము ఎన్నుకొనినవారిలో అనేకులకు ప్రభుత్వము వేతనములు నిరాకరించెనని వారు ప్రకటించిరి. చూచితిరా, ఎంపికయైన పిమ్మట సహితము భయము తొలగలేదు!

ఇట్టి స్థితిలోనున్న విశ్వాసి ఏమి చేయవలెను? దినమునకు ఇరువది మారులు ఈ-మెయిలు తెరచి చూచుచు, రాత్రి నిద్రలేక పొరలాడు యౌవనస్థునితో “విశ్వాసముంచుము” అని చెప్పి వెళ్లిపోవుట సుళువు. అయితే అన్యదేశపు రాజునొద్ద సహాయముకొరకు విన్నపము చేసికొనిన ఒక మనుష్యుని చరిత్ర మన బైబిలులోనే కలదు. అతడు షూషను కోటలో రాజునకు ద్రాక్షారసమందించిన నెహెమ్యా.

1. ఒకసారి కాదనిన రాజు

నెహెమ్యా ఎవని యెదుట నిలువవలసియుండెను? అర్తహషస్త రాజు యెదుటనే. ఎజ్రా 4వ అధ్యాయము చదివినయెడల, యెరూషలేము కట్టడము ఆపవలెనని ఆజ్ఞ పంపినవాడు అర్తహషస్తయే అని కనుగొందుము. తాను మరల ఆజ్ఞ ఇచ్చువరకు పని సాగకూడదని అతడు వ్రాయించెను. ఒకసారి కాదనినవాని యొద్దకే నెహెమ్యా తన మనవిని కొనిపోవలసివచ్చెను. గనుక రాజు అతని దుఃఖముఖమును చూచి కారణమడిగినప్పుడు, అతడు మిక్కిలి భయపడెనని 2:2 దాచక చెప్పుచున్నది.

ఇది మనకు ఆదరణ. భయము కలిగినంతమాత్రమున విశ్వాసము లేదని తీర్పు తీర్చవద్దు. నెహెమ్యా భయపడెను, భయపడుచునే ప్రార్థించెను, ప్రార్థించి నోరు తెరచెను. నిరుడు కాదనిన సంస్థకే ఈ యేడు మరల వ్రాయుటకు చేయి వణకుచున్నవారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

2. “నేడే” అనిన ప్రార్థన

మొదటి అధ్యాయములోని వార్త కిస్లేవు మాసమున వచ్చెను. రాజుతో సంభాషణ నీసాను మాసమున జరిగెను. నడుమ దాదాపు నాలుగు నెలలు. ఇందు ఒక విశేషమును గమనించుడి. 1:11లో నెహెమ్యా ఆ దినముననే తనకు సఫలత కలుగవలెనని వేడుకొనుచున్నాడు. అతడు ఈ ప్రార్థన నెలల తరబడి చేసియుండిన, ఎన్ని ఉదయములు “నేడే” అని లేచి, ఎన్ని రాత్రులు “నేడు కాలేదు” అని పండుకొనియుండును! అయినను మరునాడు గిన్నె పట్టుకొని తన పనికి వెళ్లెను. ఆ నాలుగు నెలలు ఎట్లు గడచెనో గ్రంథము వివరింపలేదు. అతడు పని మానెనని మాత్రము ఎచ్చటను లేదు.

“నేడే” అని అడుగుట తప్పు కాదు. నేడు జరుగనందున దేవుడు వినలేదని తలంచుటయే తప్పు. అడుగుట మన వంతు. దినము నిర్ణయించుట ఆయన వంతు.

3. చూడబడని సమయమున జరుగు పని

భిలాయి కార్మికులకు ఈ పాఠము చక్కగా తెలియును. దల్లీ–రాజహరా గనులనుండి వచ్చిన ఖనిజమును, కోకును, సున్నపురాతిని కొలిమి పైభాగమున పోయుదురు. అది అడుగునకు దిగుటకు కొన్ని గంటలు పట్టును. కొలిమి లోపల జరుగు మార్పును కన్నులార చూచువాడు లేడు. ఆతురపడి ముందుగా రంధ్రము తెరచినయెడల లాభము లేదు. అయినను ఆ గంటలలో ఎవరును చేతులు ముడుచుకొని కూర్చుండరు. గాలి వేడిని చూతురు, చల్లార్చు నీటిని చూతురు, గడియారములను చూతురు, కరగిన లోహము పారవలసిన కాలువలను సిద్ధపరతురు.

నెహెమ్యా అట్లే చేసెను. ఎంతకాలము పట్టునని రాజు అడుగగా అతడు తడబడక గడువు చెప్పెను. నది అవతలి అధికారులకు పత్రికలు కావలెనని కోరెను. రాజు అడవిని కాయు ఆసాపు పేరు అతనికి తెలియును. మ్రాను దేనిదేనికి కావలెనో తెలియును. ఇవి ఆ క్షణమున పుట్టిన మాటలు కావు. ఎదురుచూచిన నెలలు అతనికి లెక్కలు వేసికొను నెలలుగా ఉండెనని తోచుచున్నది.

అయితే ఈ పోలికకు ఒక హద్దు కలదు. సరిగా నడచిన కొలిమి ఇనుము నిచ్చునని కార్మికుడెరుగును. దరఖాస్తు పెట్టినవానికి అట్టి నిశ్చయము లేదు. అతడు కష్టపడి, ప్రార్థించి, సిద్ధపడినను, కాదను ఉత్తరము రావచ్చును. కాబట్టి మన పాఠము ఇచ్చట ఆగరాదు.

4. కాదను ఉత్తరము వచ్చినయెడల

దావీదు మందిరము కట్ట తలంచెను. దేవుడు వలదనెను. కాని 1 రాజులు 8:18 చూడుడి: ఆ తలంపు అతని హృదయములో పుట్టుట మంచిదేయని దేవుడే చెప్పినట్లు సొలొమోను సాక్ష్యమిచ్చెను. మనవి త్రోసివేయబడెను, మనుష్యుడు త్రోసివేయబడలేదు. మన యౌవనస్థులు ఈ రెంటిని వేరుపరచి చూడ నేర్వవలెను. ఒక సమితి ఒక కాగితమునకు తీర్పు తీర్చును. ఒక ప్రాణముయొక్క విలువకు తీర్పు తీర్చు అధికారము దానికి లేదు.

కాదనిపించుకొనిన దావీదు ఏమి చేసెను? 1 దినవృత్తాంతములు 22:3లో అతడు తలుపుల మేకులకొరకు విస్తారమైన ఇనుమును సమకూర్చినట్లు చదువుచున్నాము. తాను కట్టలేని మందిరమునకు ఇనుము కూర్చెను! ఉక్కు నగరవాసులు ఈ వచనమును గుర్తు పెట్టుకొందురు గాక. వారు చేసిన రైలుపట్టాలమీద ప్రయాణము చేయువారు వేరెవ్వరో కదా! నీ దరఖాస్తుకొరకు నీవు చదివిన గ్రంథములు, కూర్చిన వివరములు వ్యర్థము కావు. వాటిని నీ విద్యార్థికైనను, నీ తోటివానికైనను అందింపుము.

మన తెలుగువాడైన యెల్లాప్రగడ సుబ్బారావు జీవితమును చూడుడి. భీమవరమున 1895లో పుట్టిన ఆయన, ఇతరుల ద్రవ్యసహాయముతో 1922లో అమెరికాలోని బోస్టను చేరెను. రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించి పేరుపొందినను, హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లెను. ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధన అచ్చట ఆయన నాయకత్వమున జరిగినదే. మూయబడిన ప్రతి తలుపు వెనుక ఇంతకంటె పెద్ద తలుపు ఉండునని మేము వాగ్దానము చేయము. దావీదునకు అట్టి తలుపు తెరువబడలేదు. మూయబడిన తలుపు మనుష్యుని అంతము కాదని మాత్రమే చెప్పుచున్నాము.

5. ఇంటివారును సంఘమును

ఎదురుచూచువానికి మిక్కిలి భారమైన ప్రశ్న “ఫలితము వచ్చినదా, నాయనా?” అనునదే. ప్రేమతో అడుగుదురు, కాని ఆరాధన ముగిసిన పిమ్మట పదిమంది అడిగినయెడల అది ముల్లుగా మారును. నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాతను తన ఉద్దేశమును కొంతకాలము ఎవరికిని తెలుపలేదు (2:12). మన పిల్లలకును మౌనముగా ఉండు హక్కు ఇయ్యవలెను. వార్త అడుగుటకు బదులు భోజనమునకు పిలువుడి. “నీకు తప్పక వచ్చును” అని దేవుడు పలుకని మాటను ఆయన పేర పలుకకుడి. వేతనము వచ్చినవానిచే సాక్ష్యము చెప్పించు సంఘము, రానివానిని కూడ అదే ప్రేమతో ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. నెహెమ్యా భయమును ఒప్పుకొనుట అతని విశ్వాసమును తగ్గించుచున్నదా?
2. నీవు కనిపెట్టుచున్న ఈ కాలములో నీ చేతిలోనున్న పని యేది?
3. కాదను ఉత్తరము వచ్చినయెడల, నీవు ఎవరికొరకు “ఇనుము” కూర్చగలవు?
4. మీ సంఘములో ఫలితముకొరకు ఎదురుచూచుచున్నవారెవరు? వారికి ఈ వారము ఏమి చేయుదువు?

ప్రార్థన

ప్రభువా, ఉత్తరము రాని దినములలో మా పనిని మానక చేయుటకు బలమిమ్ము. వచ్చిన ఉత్తరము మమ్మును గర్వింపజేయకుండను, రాని ఉత్తరము మమ్మును కృంగదీయకుండను కాపాడుము. మా విలువను మనుష్యుల పత్రికలలో వెదకక నీయందే కనుగొనునట్లు చేయుము. ఆమేన్.