విమానక్షేత్రపు కంచె వెలుపల ఒక దినము

ఆకాశమున విమానధ్వని వినబడినంతనే పిల్లలు తల యెత్తి చూతురు. ఈ కుతూహలమునే నియమబద్ధమైన వ్యాసంగముగా మార్చుకొన్నవారు కొన్ని దేశములలో పెక్కుమంది కలరు. వారు సైనిక విమానక్షేత్రముల కంచె వెలుపల నిలిచి, వచ్చిపోవు విమానములకు ఫోటోలు తీసి, వాని సంఖ్యలను నోటుపుస్తకములలో వ్రాసికొందురు. నేడు మన పిల్లల చేతులలోను కెమెరా గల ఫోనులు కలవు. మన యువకులు విదేశములకు చదువులకై పోవుచున్నారు. కావున ఈ వ్యాసంగములోని విద్యను, అందులోని అపాయమును తల్లిదండ్రులు ఎఱిగియుండుట మేలు.

ఇంగ్లండులో ఈ అలవాటు యుద్ధకాలపు అవసరమువలన బలపడినది. రెండవ ప్రపంచయుద్ధ ప్రారంభమున ఆ దేశపు రాడారు ముఖ్యముగా సముద్రమువైపు చూచుచుండెను. తీరము దాటి లోనికి వచ్చిన శత్రువిమానములను 1925లో ఏర్పడిన అబ్జర్వర్ కోర్ అను దళమువారు కంటితో చూచి, చెవితో విని, టెలిఫోనుద్వారా తెలుపుచుండిరి. ఆ సేవకు గుర్తింపుగా 1941లో ఆ దళమునకు ‘రాయల్’ అను బిరుదము లభించినది. రెక్కల ఆకారమును బట్టి స్వపక్షమా, పరపక్షమా యని గుర్తించుట నాడు బాలురకును అభిమాన విద్య.

ఇక ఒక దినపు కార్యక్రమమును చూతము. ఇంగ్లండు తూర్పుభాగమున సఫక్ మండలములో లేకన్‌హీత్ అను స్థావరము కలదు. స్థావరము బ్రిటిషువారిదే గాని, 1960 నుండి అందున్నది అమెరికా వైమానికదళపు 48వ ఫైటర్ వింగు. ఎఫ్-15ఇ యుద్ధవిమానములును, 2021 డిసెంబరు నుండి ఎఫ్-35ఎ విమానములును అచట కలవు.

ఉదయమున మొదట చూడవలసినది గాలి. విమానము గాలికి ఎదురుగానే లేచును, ఎదురుగానే దిగును. అందువలన తక్కువ నేలవేగముతోనే రెక్కలకు చాలినంత బలము లభించును. లేకన్‌హీత్ రన్‌వే కొనలకు 06, 24 అను అంకెలు కలవు. వీనిని పదితో హెచ్చించిన దిక్సూచి డిగ్రీలు వచ్చును: 60, 240. నైరృతినుండి గాలి వీచినచో విమానములు 24 రన్‌వేపై ఈశాన్యమునుండి దిగివచ్చును. మన బడిలోని దిక్సూచితోనే ఈ లెక్క నేర్పవచ్చును.

రెండవది సూర్యుడు. అచట సూర్యుడు దక్షిణాకాశమున సంచరించును. రన్‌వేకు ఉత్తరమున నిలిచినవానికి విమానము నల్లని నీడవలె కనబడును. దక్షిణమున నిలిచినవానికి రంగులు, అక్షరములు స్పష్టమగును.

మూడవది వేగము. దిగు యుద్ధవిమానము సెకనుకు 75 మీటర్లు కదలుచున్నదనుకొందము. సెకనులో వెయ్యవవంతు కాలములో అది ఏడున్నర సెంటీమీటర్లు జరుగును. అందుచే బొమ్మ చెదరకుండుటకు, ఎడ్లపందెము చూచువాడు తల త్రిప్పినట్లు, కెమెరాను విమానముతోపాటు త్రిప్పవలెను. ప్రొపెల్లరు విమానమునకైనచో అంత తక్కువ కాలము పనికిరాదు; రెక్కలు కదలక నిలిచి, ఇంజను ఆగినదను భ్రమ కలుగును. మధ్యాహ్నము నేల వేడెక్కి గాలి అలలవలె కదలుటచే దూరపు చిత్రములు మసకబారును.

లేచిన విమానములు మరల వచ్చువఱకు ఎదురుచూచుటయే దినములో అధికభాగము. తోకపైనున్న ఎల్.ఎన్. అను అక్షరములు లేకన్‌హీత్‌కు గుర్తు. సంఖ్యలో మొదటి రెండంకెలు ఆ విమానమునకు ధనము కేటాయించిన ఆర్థిక సంవత్సరమును తెల్పును. 91 అనగా 1991. ఇట్లు ఒక సంఖ్యను చదువుట ఒక చరిత్రను చదువుటయే.

అయితే ఆ నోటుపుస్తకమే మఱియొక దేశమున నేరమునకు సాక్ష్యము కాగలదు. 2001 నవంబరులో గ్రీసు దేశపు కలమాటా వైమానిక స్థావరమువద్ద పన్నెండుగురు బ్రిటిషువారిని, ఇద్దరు డచ్చివారిని గూఢచర్యపు అనుమానముతో నిర్బంధించిరి. వారు నెలకు పైగా చెఱసాలలో నుండిరి. 2002 ఏప్రిలులో ఎనమండుగురికి మూడేండ్లు, వారికి తోడ్పడిరని తక్కిన ఆర్గురికి ఒక యేడు శిక్ష విధింపబడినది. అదే సంవత్సరము నవంబరులో పైకోర్టు అందఱిని నిర్దోషులని విడిచినది. తమ దేశమున వినోదమైన పని అచటి అధికారులకు వినోదముగా కనబడలేదు. న్యాయము లభించినది గాని, ఒక యేడు గడచినది.

మన దేశమున 1923 నాటి అధికార రహస్యముల చట్టము నేటికిని అమలులో నున్నది. నిషిద్ధస్థలముల చిత్రములు తీయుట దాని క్రింద శిక్షార్హము కాగలదు. కనుక తల్లిదండ్రులు పిల్లలకు మూడు విషయములు చెప్పవలెను. ఫోటో నిషేధపు పలక ఉన్నచోట ఫోను తీయరాదు. పలక లేనిచోటను, సైనికస్థలమని తెలిసినచో ముందు అనుమతి అడుగవలెను. కావలివారు ప్రశ్నించినచో పరుగెత్తక, వినయముతో సత్యము చెప్పవలెను. పలకపైనున్న భాష చదువరానివానికి పలక ఉన్నను లేనట్లే. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును నేర్చుచున్న మన పిల్లలకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. విదేశమునకు పోయినను ఇదే నియమము.

భయపెట్టి కుతూహలమును చంపుటయు తగదు. 1996లో మొదలైన ఏరో ఇండియా ప్రదర్శన బెంగుళూరు యలహంకలో జరుగునపుడు, అనుమతించిన దినములలో, నిర్వాహకుల నియమములు తెలిసికొని పిల్లలను తీసికొని పోవచ్చును. అంతవఱకు ఇంటిమిద్దెయే చాలును. ఒక నోటుపుస్తకమున తేది, వేళ, గాలి దిక్కు, మీదుగా పోయిన పక్షుల తీరు తెలుగున వ్రాయింపుడు. నెల దినములు విడువక వ్రాసిన బిడ్డకు చూపు నిలుచును, మాటయు నిలుచును.