పాఠం 14: బడికి వచ్చిన చిత్రకారుడు

ఈ పాఠం చదివిన తరువాత మీరు జీతానికి, భృతికి గల తేడాను మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు. యువ కళాకారులను బడులకు పంపాలనే ఆలోచనకు పూర్వరూపం ఎక్కడ కనిపిస్తుందో, నేటి పథకాలలో అది ఎంతవరకు నెరవేరిందో గుర్తించగలుగుతారు.

14.1 రెండు అవసరాలు

మీరు చదువుకున్న బడిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎన్నో తరగతి దాకా చదివారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అక్కడ డ్రాయింగు మాస్టారు ఉండేవారా? నేను చదివిన బడిలో డ్రాయింగు పీరియడు టైంటేబులు మీద ఉండేది. ఆ గంటలో లెక్కల మాస్టారు వచ్చి మిగిలిపోయిన లెక్కలు చేయించేవారు. డ్రాయింగు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడమే అందుకు కారణం.

ఇప్పుడు మరోవైపు చూడండి. కోల్‌కతాలో చౌరంగీ రోడ్డు మీద ప్రభుత్వ చిత్ర, హస్తకళల కళాశాల ఉంది. అక్కడ చదువు ముగించి బయటికి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయిని ఊహించుకోండి. ఆమెకు పని వచ్చు. కాని గది అద్దె కట్టాలి, రంగులు కొనాలి, కాన్వాసు కొనాలి. వేసిన బొమ్మ ఎప్పుడు అమ్ముడవుతుందో, అసలు అవుతుందో లేదో తెలియదు. చదువు ముగిసిన తరువాతి మొదటి నాలుగైదు సంవత్సరాలలోనే చాలామంది కుంచె పక్కన పెట్టి దొరికిన ఉద్యోగంలో చేరిపోతారు.

బడికి కళాకారిణి కావాలి. కళాకారిణికి జరుగుబాటు కావాలి. ఈ రెంటినీ కలపడానికి ఇచ్చే సొమ్మును మనం ఈ పాఠంలో 'భృతి' అందాం. జీతం తీసుకునేవారు తమ పనివేళంతా సంస్థకు ఇస్తారు. భృతి తీసుకునేవారు కొంత సమయం బడికి ఇచ్చి, మిగిలినది తమ కళాసాధనకు ఉంచుకుంటారు. ఈ తేడా గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితోనే పని.

14.2 జొరాసాంకో నుంచి బందరు దాకా

పైన చెప్పిన కళాశాల 1854లో పారిశ్రామిక కళల పాఠశాలగా మొదలైంది. 1896లో ఇ.బి. హావెల్ ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆయన కాలంలోనే అవనీంద్రనాథ్ ఠాగూరు వైస్ ప్రిన్సిపాలు అయ్యారు. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ అవనీంద్రుల శిష్యులు. మైసూరు నుంచి వచ్చిన కె. వెంకటప్ప మరొక శిష్యుడు. ఆయన అంత దూరం వచ్చి చదవగలగడానికి మైసూరు మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనం ఆధారమైంది.

చదువు అయిపోయాక ఏమిటి? ఈ ప్రశ్న అప్పుడూ ఉంది. 1915 ప్రాంతంలో జొరాసాంకోలోని ఠాగూరుల ఇంట 'విచిత్ర' అనే కళాకేంద్రం ఏర్పడింది. నందలాల్ వంటి చిత్రకారులు అక్కడ తమ బొమ్మలు తాము వేసుకుంటూ, నేర్చుకోవాలని వచ్చినవారికి నేర్పేవారు. చిత్రకారుడు పని చేస్తూ ఉండగా పక్కన కూర్చుని చూడడమే అక్కడి చదువు. 1919లో శాంతినికేతన్‌లో ఏర్పడిన కళాభవన్‌లో ఈ పద్ధతి స్థిరపడింది. నందలాల్ తరువాత దానికి అధిపతి అయ్యారు.

ఈ గాలి మన బందరుకు కూడా వీచింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్ల కృషితో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి 1920లలో కలకత్తా నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో అడివి బాపిరాజు ఒకరు. 'నారాయణరావు' నవలా రచయితగా మీకు తెలిసిన బాపిరాజే. 1935లో ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ఒక చిత్రకారుడు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణం చేసి ఒక విద్యాలయానికి రావడం వల్ల జరిగినది ఇది. చటర్జీగారిది నేటి అర్థంలో భృతి కాదు, ఉద్యోగమే. అయినా పోలిక స్పష్టంగానే ఉంది.

పాఠగత ప్రశ్న 14.1: వెంకటప్పకు అందిన సహాయం ఏ దశలో అందింది? 'విచిత్ర'లో చిత్రకారులకు దొరికిన అవకాశం ఏ దశకు చెందినది?

14.3 నేటి ఏర్పాట్లు

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు విద్యార్థి వేతనాలు ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ల వయసువారు అర్హులు. సంవత్సరానికి 400 మంది దాకా ఎంపిక చేసి, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇవ్వడం ఈ పథకం. లెక్క వేసి చూడండి. రోజుకు సుమారు 166 రూపాయలు. ప్రయాణం, పుస్తకాలు, రంగులు అన్నీ ఇందులోనే. పైగా ఇది గురువు వద్ద శిక్షణ కోసం ఇచ్చేది. బడిలో పని చేయాలన్న మాట ఇందులో లేదు.

బడుల వైపు నుంచి చూస్తే, 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులలో వందమందికి మించి పిల్లలు ఉన్న బడికి చిత్రకళ మొదలైనవి నేర్పే పార్ట్‌టైము బోధకులు ఉండాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఇంకొక అడుగు వేసి, ప్రతి బడిలోనూ లేదా బడుల సముదాయంలోనూ ఒక కళాకారుడు ఉండి పని చేసే ఏర్పాటు లక్ష్యంగా ఉండాలంది. మంచి వాక్యమే. ఆ కళాకారుడి ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఆ వాక్యంలో లేదు. అమెరికాలో ఇటువంటి పని కోసం ప్రభుత్వ కళానిధి 1969లోనే విడిగా ఒక కార్యక్రమం ప్రారంభించింది.

14.4 జాగ్రత్త పడవలసిన చోటు

భృతి మీద వచ్చిన కళాకారిణిని బడివారు ఎలా వాడుకుంటారు? గోడల మీద నినాదాలు రాయించడం, వార్షికోత్సవానికి తెరలు వేయించడం, బహుమతి పత్రాలు నింపించడం. ఇవన్నీ చేశాక ఆమె సొంత పనికి సమయం ఏది? కనుక వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, రంగులూ కాగితాలూ ఎవరు కొనాలి అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఇంతకంటె పెద్ద చిక్కు ఒకటి ఉంది. తక్కువ సొమ్ముకు కళాకారిణి దొరుకుతున్నప్పుడు డ్రాయింగు మాస్టారి పోస్టు నింపడం ఎందుకని పైవారికి అనిపించవచ్చు. అప్పుడు భృతి యువతకూ చాలదు, బడికీ చాలదు. రెండేళ్లు తిరిగేసరికి ఆమె వెళ్లిపోతుంది, పిల్లల టైంటేబులులో మళ్లీ లెక్కల పీరియడు వస్తుంది. భృతి పోస్టుకు తోడుగా ఉండాలి గాని, దాని స్థానంలోకి రాకూడదని నా అభిప్రాయం. మీరు ఏకీభవించనక్కరలేదు, కాని కారణం చెప్పాలి.

మీరు చేయవలసిన పని: మీకు దగ్గరలో ఉన్న ఉన్నత పాఠశాలకు వెళ్లి, చిత్రకళ ఎవరు నేర్పుతున్నారో, వారికి ఏ పేరు మీద ఎంత చెల్లిస్తున్నారో ప్రధానోపాధ్యాయులను మర్యాదగా అడగండి. తెలుసుకున్నది పది వాక్యాలలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో వచ్చే తరగతి నాడు చదవండి.