మోత మధ్య కవిత చదవడమెలా?

సమస్య

ఢిల్లీలోని మునిర్కాలో అద్దెకుంటున్న ఓ జేఎన్‌యూ పరిశోధక విద్యార్థిని రాసిన ఉత్తరమిది. ఈ ఉగాది కవి సమ్మేళనంలో ఆమె తొలిసారి కవిత చదవబోతోంది. అమ్మమ్మ మీద రాసుకున్న కవిత, మెల్లగా చదవాల్సింది. గది పక్కనేమో పాత ఇల్లు కూల్చి అంతస్తులు లేపుతున్నారు. పొద్దుటి నుంచీ డ్రిల్లింగ్ మోత, సందు నిండా ఇసుక, కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము. ఫోన్‌లో చదివి వినిపిస్తే స్నేహితురాలు ‘ఎందుకే అలా అరుస్తున్నావు?’ అందట. గొంతూ బొంగురుపోతోంది. పేరు వెనక్కి తీసుకోమంటారా అని అడుగుతోంది.

సలహా

వద్దు, తీసుకోకండి.

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ఈ సంగతి చెప్పాడు. ఆ మోతలో సాధన చేసేకొద్దీ అరుపే అలవాటవుతుంది. కాబట్టి మెషిన్ నడుస్తున్నంతసేపూ పైకి చదవకండి. ఆ వేళ కవితను కంఠస్థం చేయండి, ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

పైకి చదవడానికి మీ క్యాంపస్‌లోనే పార్థసారథి రాక్స్ ఉన్నాయి. పొద్దున్నే వెళ్లండి. నెత్తిమీదుగా విమానం పోతే దానితో పోటీపడకుండా ఆగి, అది దాటాక అదే పాదాన్ని అదే స్థాయిలో అందుకోండి. అలా అలవాటైతే సభలో మైకు కుయ్యిమన్నా తడబడరు.

2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఇళ్ల మధ్య మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. నడిపితే 112కు ఫోన్ చేయండి. పగలైతే, భోజనానికి పని ఎప్పుడు ఆపుతారో మేస్త్రీని మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఆ కాసేపూ మీదే.

సందులో నడిచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, గోరువెచ్చని నీళ్లు తాగండి. గుసగుసగా సాధన చేయకండి, అదీ గొంతుకు శ్రమే. బొంగురు రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

సమ్మేళనం రోజు ఆటోలో దుమ్ము మింగుతూ కాకుండా, 2018లో తెరిచిన మునిర్కా మెట్రో స్టేషన్ నుంచే బయల్దేరండి. కాస్త ముందే చేరుకుని, తెలిసినవాళ్లను ఆఖరి వరుసలో కూర్చోబెట్టి, మొదటి నాలుగు పాదాలు మైకులో చదివి చూసుకోండి.