పోయినది డిస్కు మాత్రమే
(గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను తిరిగి సంపాదించు విధానం)

ఉర్దూ చదివినవారికి ఒక్క చుక్క విలువ తెలుసు. పైన ఉండవలసిన చుక్క కిందికి దిగితే 'ఖుదా' అన్న మాట 'జుదా' అవుతుంది. దైవమని చదువవలసిన చోట ఎడబాటని చదువుకొంటాము. తెలుగులోనూ అంతే. 'ద' అక్షరానికి అడుగున చిన్న గీత చేరితే 'ధ'; దాని నడుమ చుక్క కూడ చేరితే 'థ'. ప్రూఫులు దిద్దేవారి శ్రమ అంతా ఇట్టి చుక్కల చుట్టు, గీతల చుట్టు తిరుగుతుంది. ఈ సూక్ష్మ భేదాలను కంప్యూటరు తెర మీద స్పష్టంగా చూపవలసిన భారం గ్రాఫిక్స్ కార్డుది.

సంచిక పేజీలను కూర్చే పాత కంప్యూటరులో ఒకసారి హార్డ్ డిస్కు చెడిపోయింది. కొత్త హార్డ్ డిస్కు అమర్చి, అప్పుడు వాడుకలో ఉన్న విండోస్ 10 వేయించాము. యంత్రం లేచింది గాని తెర మీద అక్షరాలు సాగిపోయి, మసకబారి కనిపించినవి. నిలువు 1080, అడ్డం 1920 చుక్కలు చూపగల తెర 1024, 768ల దగ్గర ఆగిపోయింది. నస్తాలీఖు లిపిలో 'బే' కింది ఒక చుక్కకు, 'పే' కింది మూడు చుక్కలకు తేడా తెలియలేదు. కార్డుతో వచ్చిన డిస్కు ఏ అలమరలోనూ దొరకలేదు. సంప్రదించిన దుకాణంవారు "డిస్కు లేకపోతే లాభం లేదు, కొత్త కార్డు కొనండి" అన్నారు. మేము భాషా విభాగానికి చెందినవారము. యంత్రశాస్త్రం మా వృత్తి కాదు. అయినను డబ్బు పెట్టే ముందు విషయమేమిటో తెలుసుకోవలెనని పూనుకొన్నాము. తెలుసుకొన్నది విద్యార్థులకు ఉపయోగపడునని ఈ వ్యాసం రాస్తున్నాము.

మొదట డ్రైవర్ అనగా ఏమో గ్రహించవలెను. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక భాషలో ఆజ్ఞలిస్తుంది. కార్డులోని చిప్పుకు అర్థమయ్యే భాష వేరు. ఈ రెండింటి నడుమ నిలిచి మాట చేరవేసే దుబాసీయే డ్రైవర్. దుబాసీ రాని రోజున కచేరి మూతపడదు. సైగలతో కొంత పని జరుగుతుంది. అట్లే డ్రైవర్ లేనప్పుడు విండోస్ తన వద్దనున్న 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అనే సామాన్య డ్రైవర్‌తో తెరను వెలిగిస్తుంది. కాబట్టి తెర మసకగా ఉన్నంత మాత్రాన కార్డు చెడిపోయినదని తీర్మానించరాదు.

ఇక డిస్కు సంగతి. డ్రైవర్ ఉండే చోటు డిస్కు ఒక్కటే కాదు. డిస్కులోనిది కార్డు పెట్టెలో పెట్టిన నాటి ప్రతి. ఆ తరువాత సవరించిన ప్రతులు చిప్పు తయారీదారు వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి. అట్టపెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా, లోపలి చిప్పు సాధారణంగా ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ సంస్థలలో ఒకదానిది. మనకు కావలసినది ఆ చిప్పు పేరు. ఆ పేరును కార్డే తనలో దాచుకొని ఉంటుంది.

పేరు అడిగే పద్ధతి ఇది. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి 'డివైస్ మేనేజర్' తెరవవలెను. అందులో 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద ఉన్న పేరు మీద మళ్ళీ కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్', అందులో 'డీటెయిల్స్', ఆ పట్టికలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోవలెను. అక్కడ 'వెన్' అన్న గుర్తు తరువాత నాలుగు అంకెలు, 'డెవ్' అన్న గుర్తు తరువాత నాలుగు అంకెలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారు సంఖ్య, రెండవది చిప్పు సంఖ్య. ఇవి పదహారు గుర్తుల లెక్కలోనివి. 0 నుండి 9 వరకు అంకెలు, ఆపైన ఏ నుండి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు. నాలుగు స్థానాలలో 65,536 సంఖ్యలు ఇముడుతాయి.

తయారీదారు సంఖ్య 10డీఈ అయితే ఎన్విడియా. 1002 అయితే ఏఎమ్‌డీ. ఇది మొదట ఏటీఐ సంస్థది, 2006లో ఏఎమ్‌డీ ఆ సంస్థను కొన్నది. 8086 అయితే ఇంటెల్. 1978లో ఆ సంస్థ విడుదల చేసిన సుప్రసిద్ధ ప్రాసెసరు పేరు కూడ ఇదే. మా యంత్రంలో 10డీఈ, 128బీ అని వచ్చింది. ఈ రెంటిని కలిపి వెదకగా అది జీఫోర్స్ జీటీ 710 అని తేలింది. పెట్టె, బిల్లు, డిస్కు ఏవీ లేకుండగనే కార్డు తన పేరు తాను చెప్పింది.

పేరు తెలిసిన తరువాత సరియైన ప్రతిని ఎంచుకోవలెను. అన్నిటికంటె కొత్తది అన్నిటికంటె మంచిదని భ్రమపడరాదు. జీటీ 710 కెప్లర్ అనే తరానికి చెందినది. ఆ తరం డెస్క్‌టాప్ కార్డులకు ఎన్విడియా 2021 అక్టోబరులో సాధారణ నవీకరణలు ఆపి, భద్రతా సవరణలను మాత్రం 2024 సెప్టెంబరు వరకు కొనసాగించింది. కనుక నేటి కొత్త డ్రైవర్ ఆ కార్డును గుర్తించదు. 470 శాఖకు చెందిన పాత ప్రతియే దానికి తగినది. వెబ్‌సైటులో కార్డు వరుసను, మోడలును, విండోస్ రకాన్ని మనమే ఎంచుకొంటే తగిన ప్రతి వస్తుంది. విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది 'సెట్టింగ్స్'లో 'సిస్టమ్', 'అబౌట్' అన్నచోట చూడవచ్చును.

ఆ గదిలో ఇంటర్‌నెట్ లేదు. వేరొక కంప్యూటరులో ఫైలును దించుకొని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకొన్నాము. ఇంటర్‌నెట్ ఉన్నవారు ముందుగా 'విండోస్ అప్‌డేట్' ప్రయత్నించవలెను. తరచుగా పని అక్కడనే ముగుస్తుంది. ఫైలు తెచ్చిన తరువాత ఒక రిస్టోర్ పాయింట్ ఏర్పరచుకొని, ఫైలును నడిపి, 'కస్టమ్' మార్గంలో 'క్లీన్ ఇన్‌స్టాలేషన్' ఎంచుకోవలెను. నడుమ తెర ఒకటి రెండు సార్లు నల్లబడవచ్చును. కంగారుపడి కరెంటు తీయరాదు. పని ముగిసిన తరువాత యంత్రాన్ని ఒకసారి ఆపి లేపవలెను. దించుకొన్న ఫోల్డరులో నడిపే ఫైలు లేక ఐఎన్ఎఫ్ ఫైలు మాత్రమే ఉంటే, డివైస్ మేనేజర్‌లో 'అప్‌డేట్ డ్రైవర్' ద్వారా ఆ ఫోల్డరును చూపవలెను. కొత్త డ్రైవర్ ఇబ్బంది పెడితే అక్కడనే 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉన్నది.

కొన్ని హెచ్చరికలు. ఒక్క నొక్కుతో అన్ని డ్రైవర్లు తెస్తామని ఆశపెట్టే అపరిచిత సైట్లను, ప్రోగ్రాములను నమ్మరాదు. డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో పనిచేసేది. దొంగను దుబాసీగా పెట్టుకొంటే ఇంటి గుట్టంతా వానికి తెలుస్తుంది. ఫైలు 'ప్రాపర్టీస్'లో 'డిజిటల్ సిగ్నేచర్స్' చూసి తయారీదారు పేరున్నదో లేదో సరిచూడవలెను. ల్యాప్‌టాప్ అయితే మొదట దానిని తయారుచేసిన కంపెనీ సైటులో మోడలు సంఖ్యతో వెదకుట మేలు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉండుట కూడ కద్దు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని మరువరాదు. కొత్త విండోస్‌ను భరించలేని పాత యంత్రానికి లైనక్స్ ఒక దారి. దాని కెర్నెల్‌లోనే ఇంటెల్, ఏఎమ్‌డీ డ్రైవర్లతో పాటు ఎన్విడియా పాత కార్డులకు 'నూవో' అనే డ్రైవర్ కూడ ఉన్నది. అక్కడ డిస్కు ప్రసక్తియే రాదు.

మా తెర తిరిగి పూర్తి వెడల్పుకు వచ్చింది. 'పే' కింద మూడు చుక్కలు మూడుగానే కనిపించినవి. ఖర్చు ఒక మధ్యాహ్నం మాత్రమే.

విద్యార్థులారా! మన ఇండ్లలో చాలామందికి కంప్యూటరు పాతదిగానే వస్తుంది. అన్న వాడినదో, బంధువులు ఇచ్చినదో, సగం ధరకు కొన్నదో. దానితో పెట్టె రాదు, పుస్తకం రాదు, డిస్కు రాదు. అవి లేవని దానిని మూలపడవేయుట, లేని డబ్బు తెచ్చి కొత్తది కొనుట రెండూ తొందరపాటే. పనికిరాదని పారవేసే ముందు నీ పేరేమని దానిని ఒకసారి అడగండి. జవాబు చెప్పే యంత్రం ఇంకా బ్రతికి ఉన్నట్లే.