ప్రజారోగ్యం చదవదలచిన మేనకోడలికి



ప్రజారోగ్య శాస్త్రం ఒక్కొక్క రోగిని కాక ఒక ఊరిని, ఒక బస్తీని, ఒక వృత్తిలోని వారందరినీ ఎదుట పెట్టుకుని, జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఆ తేడా ఎందుకు అని విచారించే శాస్త్రం కనుక, అందులో స్నాతకోత్తర పట్టా, అంటే ఎంపీహెచ్, ఇచ్చే విద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు ర్యాంకుల పట్టిక కన్నా ముందు చూడవలసింది అది ఏ జనం మధ్య, ఎన్నేళ్లుగా పనిచేస్తోందన్న సంగతి. మాదాపూర్‌లో ప్రోగ్రామరుగా ఉంటూ ఈ చదువు వైపు చూస్తున్న మేనకోడలికి ఇది మరీ ముఖ్యం. డేటాను విశ్లేషించడం ఆమెకు వచ్చు, అది పుట్టే చోటును చూసే వీలు మాత్రం ఆ ఉద్యోగంలో లేదు. తెర మీద కనిపించే టీకాల శాతం మొదట ఒక ఏఎన్‌ఎం రిజిస్టరులోనో, ఇల్లిల్లూ తిరిగిన ఒక ఆశా కార్యకర్త పుస్తకంలోనో పడిన అంకె. ఇంటికి తాళం ఉన్నప్పుడు, కుటుంబం ఇటుక బట్టీలకు వలస పోయినప్పుడు ఆ అంకె ఏమవుతుందో ఎరగనివారు గీసే గ్రాఫు సగం నిజమే చెబుతుంది.

ఐటీ కారిడార్‌లోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. ఎంతో విలువైన హెచ్చరిక ఇది. అయినా ప్రజారోగ్య విద్యార్థి అక్కడితో ఆగకుండా, ఆ 345 మంది ఎలా ఎంపికయ్యారు, అనుమానం ఉన్నవారే ఎక్కువగా ముందుకు వచ్చారా అని అడగాలి. పరీక్షకు వచ్చినవారికీ రానివారికీ మధ్య ఉండే ఇలాంటి తేడా వల్ల ఫలితం ఒక వైపు ఒరిగిపోవడాన్ని ఎంపిక పక్షపాతం అంటారు. ఆ ఐటీ భవనాల్లోనే రాత్రంతా నిలబడే సెక్యూరిటీ గార్డు, అద్దాలు తుడిచే మనిషి, క్యాబ్ డ్రైవరు ఏ లెక్కలోకి వస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఈ ప్రశ్నలు వేయడం నేర్పే ఎపిడెమియాలజీ, అంటే జబ్బుల వ్యాప్తినీ కారణాలనూ జనసమూహాల్లో లెక్కగట్టే విద్య, పాఠ్యప్రణాళికలో ఎంత లోతుగా ఉందో చూడాలి.

దీర్ఘకాలిక క్షేత్రం ఏమి ఇవ్వగలదో తెలుగు నేల మీదే కనిపిస్తుంది. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో, అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం అందిన ఊళ్లనూ అందని ఊళ్లనూ జాతీయ పోషకాహార సంస్థ పోల్చి చూసింది. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక మళ్లీ వెతికి పరీక్షించినప్పుడు, ఆహారం అందిన ఊళ్లవారు కొద్దిగా పొడవు పెరిగారని, వారి శరీరాల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని తెలిసింది. ఒకే సమూహాన్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూసే ఇలాంటి అధ్యయనాన్ని కోహర్ట్ అంటారు. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్లను పరీక్షించిన సర్వే కూడా అలాంటి ఓపికకు ఫలమే. ఇంత శ్రద్ధగా పని జరిగిన చోట రెండేళ్లు గడపడం ఎంత గొప్ప పేరున్న తరగతి గదిలోనూ దొరకని చదువు.

ఇక ఈ చదువు దొరికే చోట్ల సంగతికి వస్తే, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాల విభాగం ఎంపీహెచ్ నడుపుతోంది. 2008లో మొదలైన భారత ప్రజారోగ్య సంస్థ హైదరాబాద్ శాఖ ఉంది. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం 1997 నుంచే ఈ కోర్సు చెబుతోంది. కొన్ని కోర్సులు వైద్య పట్టభద్రులకే పరిమితం కనుక ఇంజినీరింగ్ పట్టా ఉన్న మేనకోడలు ప్రవేశ ప్రకటనలో అర్హతలను ముందే చదువుకోవాలి.

అమెరికా వెళ్లదలిస్తే, అక్కడ ప్రజారోగ్య విద్యకు గుర్తింపునిచ్చే స్వతంత్ర మండలి సీఈపీహెచ్ ఆ విద్యాలయాన్ని ఆమోదించిందో లేదో చూడడం మొదటి పని. చదువు తరవాత విదేశీ విద్యార్థులు అక్కడ పనిచేసే గడువు అందరికీ 12 నెలలైతే, ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ వంటి స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణిత, విభాగాలుగా నమోదైన కోర్సులకు మరో 24 నెలలు కలుస్తుంది. సాధారణ ఎంపీహెచ్‌కు చాలాచోట్ల ఆ వెసులుబాటు లేదు. తెలుగు ఇళ్లలో ఈ గడువు చుట్టూనే చర్చ తిరుగుతుంది గాని, అంతకన్నా బరువైనది అప్పు. ప్రజారోగ్యంలో, అందునా ప్రభుత్వ పథకాల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ, జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలకు దగ్గరగా ఉండవు. పెద్ద అప్పుతో తెచ్చుకున్న పట్టా చివరకు ఆమెను ఏ ఇష్టంతో బయలుదేరిందో ఆ పని దగ్గరకు పోనివ్వక, వాయిదాలు కట్టగలిగే ఉద్యోగానికే మళ్లీ చేర్చవచ్చు. ఈ మాట ఇప్పుడే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఆ మాట కష్టమైతే పక్కన మేనమామ ఉంటాడు.

దరఖాస్తు పంపే ముందు ప్రతి విద్యాలయాన్నీ గత మూడేళ్ల విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల పేర్లు అడగడం మంచిది. వాటిలో ఊళ్ల పేర్లు, బస్తీల పేర్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని వ్యాసాలు ఇతరులు సేకరించిన డేటాతోనే ముగిశాయో లెక్క చూసి, ఆ జాబితాతో రెండో ఏడాది విద్యార్థి ఎవరితోనైనా ఒక గంట మాట్లాడాలి.