ఆంధ్ర భీష్ముడు

పత్రికను నడపిన చేతులతో ప్రజల పాలనాభారమును గూడ మోయుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన ఆచారము కాదు. అనంతపుర మండలమునందే 1926వ సంవత్సరమున ‘శ్రీ సాధన’ పత్రికను స్థాపించిన పప్పూరు రామాచార్యులుగారు పిమ్మట శాసనసభ్యులైరి. ఆ పత్రిక పుట్టుటకు దాదాపు అర్ధశతాబ్దమునకు ముందే మదరాసులో చదువుకొనుచున్న ఒక తెలుగు విద్యార్థి ఈ త్రోవను త్రొక్కెను. ఆతడే న్యాపతి సుబ్బారావు. లోకము తరువాత ఆయనను ‘ఆంధ్ర భీష్ము’డని గౌరవించినది.

సుబ్బారావు పంతులుగారు 1856వ సంవత్సరము జనవరి 14వ తేదీన నెల్లూరులో జన్మించిరి. 1878 నాటికి ఆయన మదరాసులో న్యాయశాస్త్ర విద్యార్థి. ఆ యేడు తిరువారూరి ముత్తుస్వామి అయ్యరుగారిని హైకోర్టు న్యాయాధిపతిగా ప్రభుత్వము నియమించినది. మదరాసు హైకోర్టులో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడాయన. కడు పేదరికమున పుట్టి, వీథిదీపము వెలుతురున చదువుకొనెనని జనులు చెప్పుకొను మహనీయుడు. అట్టివాని నియామకమును దొరల పత్రికలు ఈసడించి వ్రాసినవి. భారతీయునికి అంతటి పదవి తగదని వాని వాదము. దానికి బదులు చెప్పుటకు మనవారి చేతిలో పత్రిక యేదీ? బదులు తోచక కాదు, అచ్చువేయు సాధనము లేక ఊరకుండవలసి వచ్చినది.

ఊరకుండలేనివారు ఆరుగురు బయలుదేరిరి. అందు జి. సుబ్రహ్మణ్య అయ్యరు, ఎం. వీరరాఘవాచార్యులు ఉపాధ్యాయులు. తక్కిన నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. సుబ్బారావుగారు ఆ నలుగురిలో ఒకరు. వీరిలో ధనవంతులు లేరు. ఒక రూపాయి పండ్రెండణాలు అప్పు తెచ్చి, మింటు వీథిలోని శ్రీనిధి ముద్రణాలయములో ఎనుబది ప్రతులు అచ్చువేయించిరి. 1878 సెప్టెంబరు 20వ తేదీన ‘ది హిందూ’ వారపత్రిక ఆ విధముగా వెలువడినది. ఎనుబది ప్రతులతో దొరల పత్రికలకు ఎదురు నిలువబూనుట ఆనాటి పెద్దలకు పిల్లచేష్టగానే తోచియుండును. కాని అప్పుచేసి అచ్చువేసినవాడు తాను వ్రాసిన ప్రతి మాటకును తానే పూచీ వహింపవలెను. ఆ పాఠము ఏ న్యాయకళాశాలలోను చెప్పునది కాదు.

చదువు ముగియగానే విద్యార్థులు ఎవరి త్రోవను వారు పోయిరి. పత్రికాభారము ఉపాధ్యాయులిద్దరి మీద నిలిచినది. సుబ్బారావు పంతులుగారు న్యాయవాదియై రాజమహేంద్రవరము చేరిరి. ఆ పట్టణమునకు పత్రికల వాడి అప్పటికే తెలియును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’ లంచగొండి ఉద్యోగుల గుట్టు బయటపెట్టుచుండెను. తప్పుచేసినవాడు పేరు బయటపడునేమోయని జంకు కాలమది.

పట్టణముల పాలన అంతవరకును దొరతనమువారి చేతిలోనిదే. 1871వ సంవత్సరపు చట్టము ననుసరించి జిల్లా కలెక్టరే పురపాలక సంఘమునకు అధ్యక్షుడు. సభ్యులలో స్థానికులున్నను కలెక్టరు ఔనన్నది ఔను, కాదన్నది కాదు. 1882 మే నెలలో గవర్నరు జనరలు రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి ఒక తీర్మానమును ప్రకటించెను. ప్రజలు తమ ఊరి పనులు తామే చూచుకొనుట వలన రాజకీయ శిక్షణ పొందుదురని దాని సారాంశము. అందులకు అనుగుణముగా 1884లో మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చినది. ఎన్నికైన సభ్యులకు చోటు పెరిగినది. సంఘము తన అధ్యక్షుని తానే ఎన్నుకొను వీలు కలిగినది. అయితే ఆ ఎన్నికలను నేటివానితో పోల్చరాదు. పన్ను చెల్లించు కొద్దిమందికే నాడు ఓటుండెను. కూలివానికి ఓటు లేదు.

1885లో సుబ్బారావు పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. సర్కారు ఉద్యోగి కానివాడు ఆ పీఠమున కూర్చుండుట అదియే ప్రథమము. ఆయనకు అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు.

ఇచట విద్యార్థులు ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలెను. పత్రికలో వ్రాయువాడు మురుగు కాలువ కంపుకొట్టుచున్నదని వ్రాసి కలము క్రింద పెట్టవచ్చును. అధ్యక్షుడు ఆ కాలువను బాగుచేయింపవలెను. బాగుచేయుటకు ధనము కావలెను; ధనమునకు ఇంటిపన్ను వేయవలెను. పన్ను వేసినచో ఓటిచ్చినవారే మొగము చిట్లింతురు. వీథిదీపములు, బాటలు, మశూచికి టీకాలు, బడులు అన్నియు ఆ కొద్దిపాటి రాబడితోనే జరుగవలెను. కుందుర్పి ప్రాంతమున వేసవిలో బిందెడు నీటికై మైళ్లు నడచు కుటుంబముల బాలురకు, గోదావరి యొడ్డున నున్న ఊరికి నీటి చింత యేమని తోచవచ్చును. నది ప్రక్కన నున్నంతమాత్రమున మంచినీరు ఇంటికి నడచిరాదు. కరవు సీమయైనను, ఏటి గట్టయినను ఆ పనికి బాధ్యత వహించువాడొకడు కావలెను.

మరియొక చిక్కు గలదు. నిన్నటివరకు అధికారులను ప్రశ్నించిన పక్షమువాడు నేడు తానే అధికారి. ప్రశ్నలిపుడు తన మీదికే వచ్చును. పంతులుగారి యందు మెచ్చదగినది ఇచటనే యున్నది. పదవి చేత చిక్కిన తరువాత పత్రికలు తనకు గిట్టనివైనవని ఆయన తలపలేదు. వానిని మరల చేరదీసిరి. ‘చింతామణి’ యను తెలుగు మాసపత్రికకు ఆయన ప్రకాశకులైరి. సంపాదకత్వము వీరేశలింగము పంతులుగారిది. తెలుగున నవలయను ప్రక్రియ అప్పటికి పసికూన. ‘రాజశేఖర చరిత్రము’ ‘వివేకవర్ధని’లో వెలువడనారంభించినదియు ‘ది హిందూ’ పుట్టిన 1878లోనే. ఆ పసికూనను పెంచుటకు ‘చింతామణి’ నవలల పోటీలు నడపి బహుమానము లిచ్చినది. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘రామచంద్ర విజయము’నకు బహుమతి లభించినది. చూపు మందగించిన యువకుడు చెప్పుచుండ ఇతరులు వ్రాసికొన్న నవలకు తెలుగునాట పాఠకులేర్పడిరి. అప్పుచేసి ఆంగ్ల పత్రికను అచ్చువేయించిన విద్యార్థి, తన కాలము వచ్చినపుడు మరియొకరి గ్రంథమునకు ధనము వెచ్చించెను. మునిసిపాలిటీలో ఆయన వేయించిన బాటల కంటె ఈ పని ఎక్కువ కాలము నిలిచినదని చెప్పిన తప్పులేదు.

పిమ్మట ఆయన మదరాసు శాసనమండలిలోను, దేశమంతటికి సంబంధించిన ఇంపీరియల్ శాసనమండలిలోను సభ్యులుగా నుండిరి. 1914లో బెజవాడయందు జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. ఆ యేడు మొదలు 1917 వరకు భారత జాతీయ కాంగ్రెసుకు ప్రధాన కార్యదర్శులలో ఒకరుగా పనిచేసిరి. ఇంత పెద్ద పదవుల నడుమ ఊరి కాలువలు, దీపముల సంగతి చిన్నదిగా కనిపించును. కాని ఆ మెట్లకు మొదటి మెట్టు రాజమహేంద్రవరపు పురపాలక సంఘమే.

1941లో పంతులుగారు కన్నుమూసిరి. నాడు ఎనుబది ప్రతులతో మొదలైన వారపత్రిక 1889లోనే దినపత్రికగా మారి, అప్పటికి అర్ధశతాబ్దము దాటియుండెను.