40 వేల బడ్జెట్‌లో మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: మా చెల్లె కోసం చేసిన లెక్క

రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. 24 మెగాపిక్సెల్ డీఎస్‌ఎల్‌ఆర్, రెండు లెన్సులు, బ్యాగ్, 16 జీబీ కార్డు ఫ్రీ. కింద మా చెల్లె మెసేజ్: "అన్నా, గీ ఆఫర్ ఇయ్యాల్టి వరకే ఉందంట. తీస్కోవాల్నా?"

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. ఊరు చేవెళ్ల మండలం ముడిమ్యాల. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఫోటోగ్రఫీ చేయాలని దాని ఆశ. నాలుగేళ్ల కోర్సు, ఎంట్రన్స్ రాయాలి. ఇంట్లో ఎవరికీ ఆ చదువు గురించి పెద్దగా తెలియదు. ఆ ఏడాది చేమంతి అమ్మిన పైసల్లోంచి చిన్నాయన 40 వేలు పక్కన పెట్టాడు. నాకు ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు: "నువ్వు ఇంజినీరువు గదా బిడ్డా, చూసి చెప్పు. ఒక్కసారే కొనిస్త. మళ్ల మళ్ల నాతోని కాదు."

నేను రాసేది జావా కోడ్. కానీ మన ఇళ్లల్లో బీటెక్ అంటే ఫ్రిజ్ నుంచి కెమెరా దాకా అన్నీ తెలిసి ఉండాలి కదా. ఈ విషయంలో నాకు నిజంగానే కొంచెం తెలుసు, ఎందుకంటే అదే తప్పు నేను ముందే చేశాను.

బీటెక్ సెకండ్ ఇయర్‌లో అచ్చం ఇలాంటి రెండు లెన్సుల కాంబోనే కొన్నాను. నెల రోజులు కాలేజీ ఫెస్ట్‌లో మెడకు వేసుకుని తిరిగాను. అన్నీ ఆటో మోడ్‌లోనే. "ఫోన్‌లోనే బాగా వస్తున్నయ్ గదరా" అని ఫ్రెండ్స్ అనడం మొదలుపెట్టాక కెమెరా బ్యాగ్‌లోకి, బ్యాగ్ అల్మారాలోకి వెళ్లిపోయాయి. రెండు వానాకాలాలు గడిచాక తీసి చూస్తే పెద్ద లెన్స్ లోపల సాలెగూడు లాంటి తెల్లటి ఫంగస్. కొన్న ధరలో మూడో వంతు కూడా రాలేదు.

అందుకే చెల్లెకు పంపిన రిప్లై: "ఆఫర్ పోనీ. ముందు రెండు వారాలు ఫొటోలు తీద్దాం."

ఏం కొనాలో తోటే చెప్పింది

ఆఫీసులో ఒక ఫ్రెండ్ దగ్గర ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ అరువు తెచ్చి ఇచ్చాను. షరతులు రెండు. మోడ్ డయల్ ఎప్పుడూ 'ఎం' మీదే ఉండాలి, ఫొటోలు రా ఫార్మాట్‌లో తీయాలి. ఎం అంటే మాన్యువల్. అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్‌ఓ మూడూ మనమే సెట్ చేసుకోవాలి. ఫొటోగ్రఫీ చదువు మొదలయ్యేది ఆ మూడింటి దగ్గరే.

మొదటి వీకెండ్ నేనూ వెళ్లాను. మొయినాబాద్, చేవెళ్ల వైపు పూల తోటలు చూసినవాళ్లకు తెలుసు, కోత తెల్లారకముందే మొదలవుతుంది. పూలు పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరాలి. చెల్లె తీయాలనుకున్నది కూడా అదే, పూలు తెంపే ఆడవాళ్ల చేతులు.

ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు. చేతులన్నీ మసక. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ చూస్తే సంగతి తెలిసింది. లెన్స్ 55 ఎంఎం దగ్గర ఉంది, అక్కడ అది తెరుచుకునేది ఎఫ్/5.6 వరకే. ఐఎస్‌ఓ 3200 పెట్టినా షట్టర్ సెకనులో 20వ వంతుకు దిగిపోయింది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అని అడిగింది చెల్లె. అది మన చెయ్యి వణికితే సర్దుతుంది, ఎదుటివాళ్ల చెయ్యి కదిలితే ఏమీ చేయలేదు.

ఇప్పుడు అసలు లెక్క. లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు ఎఫ్ నంబర్ వర్గాన్ని బట్టి మారుతుంది. 5.6ను 1.8తో భాగిస్తే 3.1, దాని వర్గం దాదాపు 10. అంటే అదే తోటలో, అదే టైమ్‌లో, అదే ఐఎస్‌ఓతో ఎఫ్/1.8 లెన్స్ ఉంటే షట్టర్ సెకనులో 20వ వంతు నుంచి 200వ వంతుకు వెళ్తుంది. చేతులు ఆగిపోతాయి. ఇంకో 20 వేలు పెట్టి కొత్త బాడీ కొన్నా ఈ తేడా రాదు. చిన్న 50 ఎంఎం లెన్స్‌తో వస్తుంది.

ఆఫర్‌లోని రెండో లెన్స్ పొడవైన జూమ్. అది కూడా దూరం పెంచేకొద్దీ ఎఫ్/5.6కే వస్తుంది. చెల్లె తీయాలనుకున్న ఫొటోకు అది ఎందుకూ పనికిరాదు. పక్షులు తీసేవాళ్లయితే వేరే సంగతి. చిలుకూరు దగ్గర మృగవని పార్కులో తిరిగే అలవాటున్నవాళ్లకు నేను దీనికి పూర్తి వ్యతిరేకమైన సలహా ఇస్తాను.

ఇంకో పాఠం తెల్ల చేమంతి నేర్పింది. మీటర్ సున్నా చూపించేలా సెట్ చేస్తే తెల్ల పూలు బూడిద రంగులో వచ్చాయి. కెమెరా మీటర్‌కు ముందున్నది పువ్వో బొగ్గో తెలియదు, అన్నింటినీ మధ్యస్థపు బూడిద రంగే అనుకుంటుంది. తెల్లటి వాటికి ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వాలి. ఆటోలో తీసి ఉంటే ఇది ఎందుకు జరిగిందో చెల్లె ఎప్పటికీ ఆలోచించేది కాదు.

మెగాపిక్సెల్స్ గురించి ఒక్క మాట చాలు. 24 మెగాపిక్సెల్ అంటే సుమారు 6000 బై 4000. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. స్టూడెంట్‌కు అంతకంటే ఎందుకు? ఫోన్‌తో తేడా మెగాపిక్సెల్స్‌లో లేదు, సెన్సర్ సైజులో ఉంది. క్యానన్ ఏపీఎస్-సీ సెన్సర్ 22.3 బై 14.9 మిల్లీమీటర్లు. అర అంగుళం సెన్సర్ ఉన్న ఫోన్‌తో పోలిస్తే వైశాల్యం పది రెట్లకు పైనే.

2020ల్లో డీఎస్‌ఎల్‌ఆర్ కొనడం తెలివైన పనేనా?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు, నేనూ చాలా ఆలోచించాను. నిజం చెప్పాలంటే డీఎస్‌ఎల్‌ఆర్ కథ ముగింపుకు వచ్చింది. క్యానన్, నికాన్ కొత్త బాడీలు, కొత్త లెన్సులు ఇప్పుడు మిర్రర్‌లెస్ కోసమే వస్తున్నాయి. సోనీ 2021లోనే డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఆపేసింది. పైగా మిర్రర్‌లెస్‌లో ఎక్స్‌పోజర్ మార్చగానే ఫొటో ఎలా వస్తుందో ముందే కనిపిస్తుంది, నేర్చుకునేవాళ్లకు అది పెద్ద సాయం. బడ్జెట్ 70 వేలు ఉంటే నేను క్యానన్ ఆర్50 లాంటిది చూడమనేవాణ్ని.

కానీ మా దగ్గర ఉన్నది 40. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతుండటం వల్లే మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు దొరుకుతున్నాయి. క్యానన్ ఈఎఫ్ లెన్సులు రేపు అడాప్టర్‌తో ఆ కంపెనీ మిర్రర్‌లెస్ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. బాడీ పాతబడినా లెన్స్ మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

చివరికి మూడు మోడల్స్ మిగిలాయి. క్యానన్ 1500డి 2018ది. ఫొటోలు బాగానే వస్తాయి కానీ స్క్రీన్ కదలదు, టచ్ లేదు, మైక్ పెట్టుకోవడానికి పోర్ట్ లేదు. నికాన్ డి3500 కూడా 2018దే. ఒక ఛార్జ్‌కు 1550 షాట్లని కంపెనీ లెక్క, ఈ ధరలో బ్యాటరీ విషయంలో దానికి ఎదురులేదు. అయితే బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉందో లేదో చూసుకోవాలి. చవగ్గా దొరికిందని పాత ఏఎఫ్-డి లెన్స్ కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. మూడోది 2017లో వచ్చిన క్యానన్ 200డి. టచ్ స్క్రీన్, అది పక్కకు తెరుచుకుని తిరుగుతుంది, మైక్ పోర్ట్ ఉంది, స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ చాలా వేగంగా పనిచేస్తుంది. వీడియో మాత్రం ఫుల్ హెచ్‌డీ వరకే, 4కే లేదు. కోర్సులో వీడియో పని కూడా ఉండొచ్చనే ఆలోచనతో 200డి వైపే మొగ్గాం.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

కోఠి వైపు రెండు షాపులు తిరిగాం. ఒక షాపులో కెమెరా కొత్తదానిలా మెరుస్తోంది. మా కార్డు వేసి పది ఫొటోలు తీసుకుంటామంటే "కొన్నాక తీస్కో బాబూ" అన్నాడు. చెల్లె నా చొక్కా లాగింది, బయటికి వచ్చేశాం.

రెండో చోట ఓపిగ్గా చూడనిచ్చారు. మీరు కూడా ఇలాగే చూడండి. లెన్స్‌ను ఎఫ్/16 చేసి తెల్ల కాగితాన్ని కొంచెం అవుట్ ఆఫ్ ఫోకస్‌లో తీస్తే సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కల్లా బయటపడుతుంది. దుమ్ము అయితే క్లీన్ చేయించుకోవచ్చు, గీత అయితే వదిలేయండి. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. దారాల్లా కనిపిస్తే ఫంగస్, దాన్ని ఇంటికి తెచ్చుకోవద్దు. లెన్స్ క్యాప్ పెట్టి నాలుగైదు సెకన్ల ఎక్స్‌పోజర్ తీస్తే హాట్ పిక్సెల్స్ రంగు చుక్కల్లా కనిపిస్తాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఫొటో ఫైల్‌లోనే రాసి ఉంటుంది, చాలా క్యానన్ మోడల్స్‌లో ఉండదు. అక్కడ హాట్ షూ దగ్గర అరుగుదల, గ్రిప్ రబ్బర్, డయల్స్ చూసి అంచనా వేసుకోవడమే. ఒరిజినల్ బిల్లు మీద సీరియల్ నంబర్, బాడీ కింద నంబర్ ఒకటేనా అని చూడటం మాత్రం మర్చిపోకండి. దొంగ సొత్తు కొంటే కెమెరా పోతుంది, తలనొప్పి మిగులుతుంది.

మా ఖర్చు ఇదీ: 200డి, 18-55తో కలిపి 27 వేలు. వాడిన 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం 6,500. ట్రైపాడ్ 2,500. స్పేర్ బ్యాటరీ, 64 జీబీ కార్డు కలిపి 2,100. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ 400. మొత్తం 38,500. ఆ డబ్బా మాత్రం నా పట్టుదల, ఎందుకో మీకు తెలుసు. మిగిలిన పదిహేను వందలు చిన్నాయనకు తిరిగి ఇస్తే ఆయన ఎక్కువ సంతోషపడింది దానికే.

50 ఎంఎంతో ఇబ్బంది లేదని చెప్పను. క్యానన్ ఏపీఎస్-సీ మీద అది 80 ఎంఎంలా కనిపిస్తుంది, చిన్న గదిలో నలుగురు ఫ్రేమ్‌లో పట్టరు. ఎఫ్/1.8లో మీటరున్నర దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు ఆరు సెంటీమీటర్లే. మొదటి వారం చెల్లె ఫొటోల్లో పువ్వు షార్ప్‌గా, వేళ్లు మసగ్గా వచ్చాయి. మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టుకుని, ఎఫ్/2.8కు తగ్గించుకున్నాక దారిలో పడింది.

మన దగ్గర ఈ దారిలో నడిచినవాళ్లలో పెద్ద పేరు రాజా దీన్ దయాళ్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ కాకముందు ఆయన రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేశాడు. నేను ఆ మాట గొప్పగా చెప్తే చెల్లె ఏమాత్రం తడబడకుండా, "మరి నువ్వెందుకు ఆటోల తీసినవ్?" అని అడిగింది.

ఇప్పుడు దాని పోర్ట్‌ఫోలియో పని మొయినాబాద్, చేవెళ్ల మధ్య రోడ్డు మీద నడుస్తోంది. బీజాపూర్ హైవే పక్కన వందల మర్రి చెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఎన్ని మిగులుతాయోనని ఏళ్ల తరబడి గొడవ నడిచింది. ఒక్కో చెట్టును ఒకే ఎత్తు నుంచి, ఒకే లెన్స్‌తో, పొద్దున ఏడింటి లోపు తీస్తోంది. మొన్నటికి 63 అయ్యాయట. దీనికి 50 ఎంఎం అస్సలు తీయలేదు, అంతా 18-55 కిట్ లెన్సే, ట్రైపాడ్ మీద, ఎఫ్/8లో. ట్రైపాడ్ మోసేది చిన్నాయన.